హార్మోనియం పెట్టె అడుగున

ఈ సంక్రాంతికి మా ఇంట్లో ఒక గలాటా జరిగింది. మరేం లేదు, మా చెల్లెలి మనవరాలు పాడింది!

పాడితే గలాటా ఏమిటంటారా? చెబుతాను. ఆ రోజు కనుమ. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి సగం ఊరు వెళ్ళిపోయింది. మిగిలిన సగం భోంచేసి నడుం వాల్చింది. మా పెరటి కొబ్బరిచెట్ల కింద మంచం వేసుకుని నేనూ అదే పనిలో వున్నాను. సరిగ్గా అప్పుడు వెనక వసారాలోంచి ఒక గొంతు లేచింది. దాంతోపాటు కాకులూ లేచాయి. పక్కింటి రైతు దడి మీంచి తల పెట్టి, "ఆయ్, మేష్టారూ! అమ్మాయిగార్ని ఏదైనా కుట్టిందాండీ?" అన్నాడు కంగారుగా.

"కుట్టలేదయ్యా. అది పాట. ఒపేరా అంటారు."

"ఆయ్, అలాగాండీ" అని తల తీసేశాడు. నమ్మలేదని నాకు తెలుసు.

నిజం చెప్పొద్దూ, నాకూ నమ్మబుద్ధి కాలేదు. వృత్తి రీత్యా నేను తెలుగు మేష్టర్ని, కానీ రాజోలు నుంచి కొత్తపేట దాకా పాతికేళ్ళపాటు పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించినవాణ్ణి. అంతర్వేది తీర్థంలో తెల్లవార్లూ రాయబారం ఆడితే, ఒక్కో పద్యానికి మూడేసి వన్స్‌మోర్లు పడితే, ఆ మూడుసార్లూ పాడేవాడి గొంతు జారకుండా శ్రుతి పట్టుకున్నది ఈ చేతులే. ఎంత ఎత్తు గొంతైనా విన్నాననే గర్వం వుండేది. ఆ గర్వం కనుమనాడు మధ్యాహ్నం రెండు గంటలకి పోయింది.

ఆ పిల్ల అమెరికాలో పుట్టింది. ఇరవయ్యారేళ్ళు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కర్ణాటక సంగీతంలో వేసింది. స్కూల్లో బృందగానం నేర్పే టీచరు ఒకావిడ దీని గొంతు విని, ఇది సొప్రానో గొంతు, దీన్ని పాడుచేయకండి అందిట. అంతే, దారి మళ్ళింది. కాలేజీలో సంగీతమే, ఆ పై చదువూ సంగీతమే. ఇప్పుడు అక్కడి చిన్న కంపెనీల్లో చిన్న చిన్న వేషాలు వేస్తోంది. మన పత్రికల భాషలో "పైకొస్తున్న గాయని" అన్నమాట.

సొప్రానో అంటే ఏమిటో నాకు దాని భాషలో చెబితే ఎక్కలేదు. "పెట్టె తీసుకురా తాతయ్యా" అంది. తెచ్చాను. మూడు స్థాయిల చేతి పెట్టె అది. "ఆడవాళ్ళకి మీరు వాయించే శ్రుతి ఏది?" అంది. ఐదున్నర అన్నాను. అక్కణ్ణుంచి నా వేలు పట్టుకుని మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్ళింది. తారస్థాయి షడ్జం దాటింది. దాని పైన అతితార షడ్జం కూడా దాటింది. ఆపైన అంతరగాంధారం దగ్గర ఆగింది. అది నా పెట్టెకి కుడివైపు చిట్టచివరి మెట్టు! "సొప్రానో ఇక్కడిదాకా తేలిగ్గా రావాలి తాతయ్యా. మోజార్ట్ 1791లో రాసిన మ్యాజిక్ ఫ్లూట్‌లో రాత్రిరాణి వేషం వుంది. దానికైతే ఇంకో ఐదు మెట్లు పైకి వెళ్ళాలి" అంది. ఐదు మెట్లు! నా పెట్టెలో అవి లేవు. చెక్క మీద వేలు పెట్టి చూపించింది.

అదీ మైకు లేకుండా. న్యూయార్కులో మెట్రోపాలిటన్ ఒపేరా అని వుంది, సుమారు 3,800 సీట్లు. స్టేజీ ముందు గోతిలో డెబ్భై ఎనభైమంది వాయిద్యగాళ్ళు. వాళ్ళందరి మీంచి, ఒక్క ఆడపిల్ల గొంతు, మైకు సాయం లేకుండా, ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి చేరాలి. గొంతు చించుకుంటే రెండేళ్ళలో గొంతు పోతుందిట. అరవడం కాదు, నోటి లోపలి ఖాళీని స్వరానికి సరిపడా మార్చుకోవడం అని చెప్పింది. స్వరం పైకి వెళ్ళేకొద్దీ దవడ దించి నోరు పెద్దగా తెరవాలి. అందుకే అంత పైన ఆ, ఈ, ఊ అన్నీ ఒక్కలాగే వినిపిస్తాయి.

ఇదిగో, ఇక్కడ నాకు పేచీ వచ్చింది. "మాట తెలియకపోతే పాటెందుకే? మా నాటకంలో ముందు పద్యం అక్షరం అక్షరం వినబడాలి. ఆ తరవాతే రాగం. మాట మింగితే కుర్చీలు లేచేవి" అన్నాను. నవ్వింది. "అందుకే తాతయ్యా, తెలివైనవాళ్ళు ముఖ్యమైన మాటలు కింద పెట్టి, పైన ఒట్టి బాధో, ఒట్టి సంతోషమో పెడతారు" అంది. అంటే మన ఆలాపనే కదా! ఆ మాటతో ఆ విద్య మీద నాకు గౌరవం కలిగింది. అన్నట్టు, మనకి స్థానం నరసింహారావుగారు సత్యభామ వేసి ఆడవాళ్ళ చేత కూడా అసూయపడనిచ్చారు. మన స్టేజీ మీద ఆడగొంతు పాడవలసిన పద్యాలు చాలాకాలం మగగొంతులే పాడాయి. సురభివాళ్ళలాంటి కొద్దిమందిని తీసేస్తే ఇంటి ఆడపిల్ల స్టేజీ ఎక్కడమన్నది లేదు. నేను వాయించిన చంద్రమతుల్లో సగంమంది మీసాలు గొరిగించుకున్నవాళ్ళే!

ఇహ ఆ పిల్ల బతుకు ఎలా వుందని అడిగాను. మన సినిమా తారల్లా ఒక్క శుక్రవారంతో దశ తిరిగే వ్యవహారం కాదు. ఇరవై రెండేళ్ళ గొంతుకి పెద్ద వేషం ఇవ్వరుట, ఇస్తే గొంతు చెడుతుందని. ముందు దాసీ వేషాలు, చిలిపి పిల్ల వేషాలు. ముప్ఫై దాటాక గొంతు బరువెక్కితే అప్పుడు పెద్ద నాయికలు. ఈలోగా ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్ భాషల్లో ఉచ్చారణ తప్పు లేకుండా పాడడం నేర్చుకోవాలి. కొన్నాళ్ళు "కవర్" అని ఒక ఉద్యోగం వుంటుందిట. వేషం మొత్తం వచ్చి వుండాలి, రోజూ హాజరవ్వాలి, అసలావిడకి జలుబు చేస్తే తప్ప స్టేజీ ఎక్కకూడదు! "ఎవరికైనా జలుబు చెయ్యాలని దండం పెట్టుకుంటావా?" అంటే, "పెట్టుకోను తాతయ్యా, కానీ ఎవరైనా తుమ్మితే మాత్రం వింటాను" అంది.

మనవాళ్ళెవరైనా వున్నారా ఆ దారిలో అంటే, బొంబాయిలో పుట్టి లండనులో చదువుకున్న ప్యాట్రీషియా రొజారియో పేరు చెప్పింది. జాన్ టావెనర్ అనే ఇంగ్లీషు సంగీతకర్త ఆవిడ గొంతు కోసమే ఎన్నో రచనలు చేశాడుట. "తెలుగువాళ్ళలో?" అన్నాను. భుజాలెగరేసింది.

ఆ రాత్రి అందరం వసారాలో కూర్చుని వుండగా ఫోను తీసి నాకు చూపించింది. ఆడిషన్లకి వెళ్ళినచోట నుంచి వచ్చిన జవాబులు. ముప్ఫై ఒకటి కాదన్నవి. రెండు ఔనన్నవి. "ఇంతేనా?" అన్నాను. "రెండున్నాయిగా!" అంది. ఆ పక్కనే మా చెల్లెలు బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది: "నువ్వు అదృష్టవంతురాలివే. నీకు కాదన్న ఉత్తరాలైనా వస్తున్నాయి. నాకు అదీ రాలేదు."

ఆ మాట ఎవరికీ తగల్లేదు, నాకు తప్ప.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా నాన్నగారికి ఒక కీ ఇచ్చే గ్రామఫోను వుండేది. ప్లేట్లు పదో పన్నెండో. అందులో టంగుటూరి సూర్యకుమారిగారిది ఒకటి. ప్లేటుకి ఒకవైపు మూడు నిమిషాల పైచిలుకు పాట. కీ అయిపోతే గొంతు మూలిగేది. మా చెల్లెలికి అప్పటికి ఏడెనిమిదేళ్ళు. ఆ ప్లేటు ముందు గొంతుక్కూచుని, సూది పడ్డ దగ్గర్నుంచి లేచేదాకా పెదాలు కదిపేది. నెల తిరిగేసరికి ప్లేటు అక్కర్లేకుండా పాడేసింది. ఊపిరి ఎక్కడ తీసిందో, గమకం ఎక్కడ వేసిందో, అన్నీ అచ్చు అలాగే. నేనప్పుడే హార్మోనియం నేర్చుకుంటున్నాను. శ్రుతి పెట్టి చూస్తే ఐదున్నర కాదు, ఆరు దాటి తేలిగ్గా పలుకుతోంది!

నాన్నగారు మురిసిపోయేవారు. "రాజమండ్రి పిల్ల! మన గోదావరి నీళ్ళే తాగింది!" అనేవారు సూర్యకుమారిగార్ని. ఆవిడ 1925లో రాజమండ్రిలో పుట్టారు. ప్రకాశం పంతులుగారికి తమ్ముడి కూతురు. పన్నెండేళ్ళ ప్రాయంలోనే 1937లో విప్రనారాయణ సినిమాలో కనిపించారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారి రైతుబిడ్డ, 1941లో బి.ఎన్.రెడ్డిగారి దేవత. ఎవరి పాట వాళ్ళే పాడుకునే రోజులవి. మొహం ఒకరిది, గొంతు మరొకరిదీ అయ్యే కాలం ఇంకా రాలేదు. శంకరంబాడి సుందరాచారిగారు రాసిన "మా తెలుగు తల్లికి" ఆవిడ పాడిన ప్లేటు ద్వారానే ఊరూరా పాకింది. ఆ పాట 1975లో రాష్ట్రగీతం అయింది.

ఆవిడ అక్కడితో ఆగలేదు, అదీ నేను చెప్పదలుచుకున్నది. 1955లో దిలీప్‌కుమార్ ఉడన్ ఖటోలాలో రాణి వేషం వేశారు. 1961లో న్యూయార్కు ఆఫ్ బ్రాడ్వేలో ఠాగూరు నాటకం "కింగ్ ఆఫ్ ది డార్క్ చేంబర్"లో రాణి సుదర్శనగా నటించి, అక్కడి విమర్శకుల సంఘం ఇచ్చే ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ అవార్డు గెలుచుకున్నారు. 1965లో లండను చేరి, ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ అనే సంస్థ పెట్టి, తెల్లవాళ్ళకీ మనవాళ్ళకీ ఆటా పాటా నేర్పుతూ అక్కడే వుండిపోయారు. 2005 ఏప్రిల్ 25న అక్కడే కన్నుమూశారు. ఆవిడ ఒపేరా పాడలేదు, నిజమే. కానీ తెలుగు పాటతో బయలుదేరిన ఒక ఆడపిల్ల గొంతు ఆ దేశాల రంగస్థలం మీద నిలబడిందంటే మొదట తలుచుకోవలసిన పేరు ఆవిడదే అని నా లెక్క. ఆవిడ న్యూయార్కులో ఆ నాటకం ఆడుతున్న రోజుల్లోనే, అంబాజీపేట పక్కన మా వసారాలో మా చెల్లెలు ఆవిడ ప్లేటు అరగదీస్తోంది. ఆ సంగతి మాకూ తెలియదు, ఆవిడకీ తెలియదు.

మా చెల్లెలు పెద్దదయింది. పెళ్ళిళ్ళలో, భజనల్లో దాని గొంతు కోసం కబురు పెట్టేవారు. ఒకసారి మా నాటకం రిహార్సలు ఇంట్లో జరుగుతుంటే చంద్రమతి వేషగాడు రాలేదు. తలుపు చాటునుంచి ఇది పద్యం ఎత్తుకుంది. హరిశ్చంద్రుడు తన పద్యం మరిచిపోయాడు! నాన్నగారితో నేనన్నాను, దీన్ని మద్రాసు పంపిద్దాం, సంగీతం చెప్పిద్దాం అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆవిడ పంతులుగారి ఇంటి పిల్లరా. ఆయన పేరు వెనకాల వుంది కనుక ఆవిడకి చెల్లింది. మనకి చెల్లుతుందా?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అయినా వూరుకోలేదు. 1970లో, దానికి పద్ధెనిమిదో ఏడు నడుస్తుండగా, రేడియోకి లలితగీతాల ఆడిషను కోసం దరఖాస్తు నేనే నింపాను. సంతకం అది పెట్టింది. అప్పటికి నాకు కొత్తగా మేష్టరు ఉద్యోగం వచ్చింది. అంచేత జవాబు బడికి రాయమన్నాను. ఇంట్లో ముందే తెలిస్తే గొడవ అని ఆలోచన. మంచి ఆలోచనే అనుకున్నాను అప్పుడు.

ఈలోగా సంబంధం వచ్చింది. కొత్తపేట వాళ్ళు. పెళ్ళిచూపుల్లో పిల్ల పాడింది, అందరూ మెచ్చుకున్నారు. కాఫీలయ్యాక పెళ్ళికొడుకు తరఫు పెద్దావిడ ఒకరు, "పాట బాగానే వుంది. పెళ్ళయ్యాక ఇంట్లో పాడుకుంటుంది, బయట కాదుగా?" అన్నారు. నాన్నగారు, "అబ్బే, అలాంటిదేమీ లేదండీ" అన్నారు. నేను పక్కనే వున్నాను. నేనూ లేదన్నాను. కట్నం కోసం ఎకరంన్నర తోట తాకట్టు పెట్టారు. తాంబూలాలకి రోజు నిశ్చయమయింది.

తాంబూలాలు ఆరు రోజులుండగా, మూడో పీరియడులో, పోస్టుమాన్ బడికి వచ్చి నా చేతిలో కవరు పెట్టాడు. ఆడిషనుకి రమ్మని! తేదీ చూస్తే తాంబూలాలకి సరిగ్గా ముందు రోజు.

ఆ సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వచ్చిన దారి నాకు బాగా జ్ఞాపకం. కాలవగట్టు మీద రెండుసార్లు దిగాను. చెప్పేద్దామని ఒకసారి, వద్దని ఒకసారి. ఇంటికి చేరేసరికి నాన్నగారు షావుకారు ఇచ్చిన నోట్లు లెక్క పెడుతున్నారు. ఆ నోట్లు చూసి నా నోరు పడిపోయింది. లోపలికి వెళ్ళి హార్మోనియం మరలు విప్పి, రీడ్ల బల్ల ఎత్తి, అడుగున ఆ కవరు పెట్టి, మళ్ళీ బిగించేశాను. పెట్టెలో ఏదైనా పాడైతే విప్పేది నేనొక్కణ్ణే కనుక అంతకన్న భద్రమైన చోటు ఆ ఇంట్లో లేదు.

"ఉత్తరం రాలేదా అన్నయ్యా?" అని అది రెండుసార్లు అడిగింది. పెళ్ళికి ముందు ఒకసారి, అప్పగింతలప్పుడు ఒకసారి. "రాలేదమ్మా" అన్నాను రెండుసార్లూ. మూడోసారి అడగలేదు.

మా బావగారు నెమ్మదైన మనిషి. పోయి తొమ్మిదేళ్ళయింది. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని దాని చేత పాడించుకునేవారు. ఓసారి నేను వెళ్ళినప్పుడు తమలపాకుకి సున్నం రాస్తూ అన్నారు: "బావగారూ, మీ చెల్లెల్ని రేడియోవాళ్ళు ఎందుకు పిలవలేదంటారు? చెవులు లేవా వాళ్ళకి?" ఆయన వెళ్ళనిచ్చేవారే! ఆ ఒక్క మాట నేను పెళ్ళికి ముందు ఆయన్ని అడిగి వుంటే! కానీ పెళ్ళికొడుకుని విడిగా పిలిచి మాట్లాడే రోజులా అవి? అప్పుడు నాకు తోచిన సమాధానం, "వాళ్ళకేం తెలుసండీ" అన్నది. ఆయన తల వూపి ఆకు అందించారు. ఆ తాంబూలం ఎలా నమిలానో నాకే తెలుసు.

రేడియోలో పాడితే అది సూర్యకుమారి అయిపోయేదని నేను అనను. నాటకాల్లో పాతికేళ్ళు గడిపినవాణ్ణి, అందరూ పైకి రారని తెలుసు. ఆడిషనులో పోయి వుండొచ్చు. అయితే ఆ పోవడం దానిది. దాన్ని కూడా నేను దక్కనివ్వలేదు. మనవరాలి ఫోనులో ముప్ఫై ఒకటి చూసేదాకా నాకు ఆ లెక్క తట్టలేదు.

పండగ వెళ్ళాక ఆ పిల్ల ప్రయాణం. ఫిబ్రవరిలో ఏదో పెద్ద ఆడిషను వుందిట. మోజార్ట్‌దే ఇంకో ఒపేరా, ఫిగరో పెళ్ళి, అందులో సుజానా వేషానికి. వెళ్ళే ముందురోజు నా పెట్టె ముందు కూర్చుని, "తాతయ్యా, దీని లోపల గాలి ఎలా తిరుగుతుందో చూడాలి. మరలు విప్పనా?" అంది.

"వద్దు!" అన్నాను. నా గొంతు ఎంత పైకి లేచిందంటే, వంటింట్లోంచి మా ఆవిడ, పూజ గదిలోంచి మా చెల్లెలు, ఇద్దరూ వచ్చారు. "పాత పెట్టె, రీడ్లు విరుగుతాయి" అని సర్దాను. మా చెల్లెలు నా మొహం వంక కొంచెం సేపు చూసింది. అది చిన్నప్పట్నుంచీ శ్రుతి తప్పితే పట్టేస్తుంది.

సాయంత్రం మనవరాలు వాళ్ళమ్మమ్మని పాడమని పట్టుబట్టింది. డెబ్భై దాటిన గొంతు. ఐదున్నర పెట్టబోతే, "నాలుగు పెట్టు అన్నయ్యా" అంది. ప్లేటు మీద నేర్చుకున్న పాటే అందుకుంది. ఊపిరి ఆ పాత చోటే తీసింది. చరణంలో పైకి వెళ్ళవలసిన చోట గొంతు అందలేదు. అక్కడ ఆగి చేత్తో చూపించింది, ఇక్కడికి వెళ్ళాలీ అని. మనవరాలు నోరు పెద్దగా తెరవకుండా, ఒపేరా ఏమీ లేకుండా, ఆ స్వరాన్ని మెల్లగా అందుకుని అమ్మమ్మకి అందించింది. దడి అవతల పక్కింటి రైతు నిలబడి వున్నాడు. ఈసారి ఏం కుట్టిందని అడగలేదు.

వాళ్ళు వెళ్ళాక నిన్న మరలు విప్పాను. కవరు వుంది. ఒక మూల చెద కొరికింది గానీ లోపలి కాయితం బాగానే వుంది. పేరు, తేదీ, టైము అన్నీ తెలుస్తున్నాయి. దాని పక్కనే ఈ కాయితాలు పెట్టుకుని రాస్తున్నాను.

ఈ పత్రికకి మా చెల్లెలు పాత చందాదారు. అట్ట మీద బొమ్మ దగ్గర్నుంచి చివరి పేజీ దాకా వదలదు. ఇది అచ్చయిన సంచిక వాళ్ళింటికి శుక్రవారం చేరుతుంది. గురువారం ఉదయమే నేను కొత్తపేట బస్సెక్కాలి.